తెలిసిన పిదప

2025వ సంవత్సరము జూలై 30వ తేదీ సాయంకాలము పులికాటు సరస్సు చెంతనున్న శ్రీహరికోట నుండి ఒక ఉపగ్రహము ఆకాశమున కెగసినది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థయు, అమెరికా దేశపు నాసా సంస్థయు కలసి నిర్మించిన ఆ ఉపగ్రహమునకు నైసార్ అని పేరు. భూమికి సుమారు 747 కిలోమీటర్ల ఎత్తున ధ్రువముల మీదుగా తిరుగుచు, పండ్రెండు దినముల కొకమారు అది భూతలమును దాదాపు పూర్తిగా చూచివచ్చును. దాని చూపు మనుష్యుని చూపు వంటిది కాదు. మనుష్యుని కన్ను సూర్యకాంతిపై ఆధారపడినది. ఈ యంత్రము తానే రేడియో తరంగములను క్రిందికి పంపి, నేలను తాకి మరలివచ్చు ప్రతిధ్వనిని గ్రహించును. కావున దానికి రాత్రి లేదు. మేఘము అడ్డు కాదు. అది పంపు తరంగములలో ఒకదాని పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. ఆ తరంగము ఆకుల గుబురును దాటి కొమ్మలను, బోదెలను, వాని క్రింది నేలను సైతము తాకగలదు. ఒక చోటును నేడు చూచి, పండ్రెండు దినముల పిమ్మట అదే మార్గము నుండి మరల చూచినపుడు, ఆ రెండు ప్రతిధ్వనులకును గల స్వల్పభేదమును లెక్కించి, ఆ నడుమ నేల ఎన్ని సెంటీమీటర్లు క్రుంగినదో, ఎంత ప్రక్కకు జరిగినదో చెప్పవచ్చును. హిమనదముల కదలిక, కొండచరియల జారుడు, అడవుల వృద్ధిక్షయములు, చిత్తడి నేలలలో నీటి హెచ్చుతగ్గులు, ఇవి యన్నియు ఆ చూపులో పడును. ఆ చూపు సేకరించిన సమాచారమును ప్రపంచమున ఎవరైనను ఉచితముగా పొందవచ్చునని ఉభయ సంస్థలును ముందే ప్రకటించినవి.

ఇట్టి దృష్టి లభించినందువలన మనుష్యుడు ఎక్కువ సుఖి యగునా యనునది ఒక ప్రశ్న. అంతకంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. అతడు ఎక్కువ బాధ్యుడగునా?

దుఃఖమును మూడు తెరగులుగా విభజించుట ఈ దేశపు తత్త్వశాస్త్రములకు పరిపాటి. తన దేహము వలనను మనస్సు వలనను కలుగునది ఆధ్యాత్మికము. ఇతర ప్రాణుల వలన కలుగునది ఆధిభౌతికము. పిడుగు, వరద, భూకంపము మున్నగువాని వలన, అనగా ఏ మనుష్యుని చేతిలోను లేని శక్తుల వలన కలుగునది ఆధిదైవికము. శాంతిపాఠము చివర శాంతి శబ్దమును ముమ్మారు పలుకుట ఈ మూడు తాపముల ఉపశమనమునకే యని పెద్దలు చెప్పుదురు. ఈ విభాగమున ఒక నైతికసూక్ష్మము ఇమిడియున్నది. మొదటి దానికి మనుజుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. రెండవ దానికి ఎదుటివానిని ప్రశ్నింపవచ్చును. మూడవ దానికి ప్రశ్నింపదగినవాడు లేడు. సహించుటయు, ఒకరి కొకరు తోడ్పడుటయు మాత్రమే గతి. మూడవ తాపముల జాబితాలో నుండి ఒక్కటి రెండవ జాబితాలోనికి మారినచో నీతిశాస్త్రమున పెద్ద మార్పు వచ్చినట్లే. కొండచరియ విరిగిపడుట దైవకృతమని తలచినంతకాలము ఎవడును దోషి కాడు. ఆ చరియ కదలుచున్నదని ముందుగా తెలిసియుండి, తెలిసినవాడు పలుకకుండెననిన, లేక వినినవాడు కదలకుండెననిన, అచ్చట జరిగిన మరణము ఏ తాపము?

ఈ ప్రశ్నకు సమీపమైన వాదమొకటి 1934లో ఇద్దరు మహాపురుషుల నడుమ జరిగినది. ఆ యేడు జనవరి 15వ తేదీన బీహారు నేపాళ ప్రాంతములను ఘోరభూకంపము కుదిపివైచినది. పదివేలకు పైగా జనులు మరణించిరి. ముంగేరు పట్టణము శిథిలముల గుట్ట యైనది. గంగకు ఉత్తరమున సుమారు 300 కిలోమీటర్ల పొడవున నేల తన గట్టిదనమును కోల్పోయి బురదవలె మెత్తబడగా, ఇండ్లు కూలుట కంటె ముందే ఒరగి దిగబడెను. పగుళ్ల నుండి నీరును ఇసుకయు ఎగజిమ్మి పంటపొలములను కప్పివైచెను. ఆ కాలమున గాంధీమహాత్ముడు అస్పృశ్యతా నివారణకై దేశసంచారము చేయుచుండెను. అంతకు కొద్ది వారముల క్రితమే ఆంధ్రదేశమున పర్యటించి, అప్పటికి తమిళదేశమున నుండెను. తిరునల్వేలి సభలో ఆయన ఈ భూకంపము అస్పృశ్యతా పాపమునకు ఈశ్వరుడు విధించిన శిక్ష యని తాను విశ్వసించుచున్నట్లు చెప్పెను. రవీంద్రనాథ ఠాకూరునకు ఈ మాట మిక్కిలి బాధ కలిగించినది. అస్పృశ్యతను ఆయనయు అంతే తీవ్రముగా నిరసించినవాడు. ఐనను భౌతికోత్పాతములకు భౌతికకారణములే యుండుననియు, పసిబిడ్డలను, దీనులను, తుదకు ఆ అస్పృశ్యులనే నలిపివైచిన ఉత్పాతమును నీతిపాఠముగా చూపినచో ఈశ్వరుని న్యాయము మనుష్యుని న్యాయము కంటె తక్కువదగుననియు ఆయన భావము. గాంధీజీ ఆ ఆక్షేపణను తన హరిజన్ పత్రికలోనే ప్రకటించి, దానికి ప్రత్యుత్తరము కూడ వ్రాసెను. తనను కఠినముగా ఖండించు లేఖను తన పత్రికలోనే అచ్చువేయుట నాటి వాదముల మర్యాద. ఈ వాదమున గెలుపోటముల కంటె ఆ మర్యాదయే ముందు స్మరణీయము.

ఎవరి పక్షము సరియైనది? ప్రకృతిని గూర్చిన మాటలో ఠాకూరు పక్షమే సరియైనది; ఇందులో సందేహమునకు తావులేదు. భారత భూఖండము ఏటేటా సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరమునకు జరుగుచు ఆసియా ఖండమును త్రోయుచున్నది; అందు సుమారు 2 సెంటీమీటర్ల ఒత్తిడిని హిమాలయములే భరించుచున్నవి. ఆ ఒత్తిడి ఎప్పుడో యొకప్పుడు తెగవలసినదే. అది ముంగేరు ప్రజల నీతి అవినీతులను అడిగి తెగదు. ఐనను గాంధీజీ మాటను వట్టి మూఢవిశ్వాసమని త్రోసివేయుట తొందరపాటగును. ఆ పాపము బీహారు వారిదని ఆయన అనలేదు. తనను కలుపుకొని యావద్దేశముదనెను. కర్మసిద్ధాంతమును పరుల దుఃఖమునకు వ్యాఖ్యానముగా వాడుట ఒకటి, తన్ను తాను నిలదీసికొనుటకు వాడుట మరియొకటి. మొదటిది క్రౌర్యము. రెండవది సాధన. పొరుగువాని ఇల్లు కూలినపుడు వాని పూర్వజన్మమును వెదకువాడు వేదాంతి కాడు; వానికి పార చేతబట్టుట ఇష్టము లేదు, అంతియే. రాజేంద్రప్రసాదుగారు చెరసాల నుండి విడుదలయైన మరుక్షణమే సహాయకార్యమునకు పూనుకొనిరి గాని కారణమీమాంసకు కూర్చుండలేదు.

దైవము గొప్పదా పురుషకారము గొప్పదా యని ధర్మరాజు భీష్ముని అడిగినట్లు అనుశాసనపర్వమున కలదు. అచ్చట చెప్పబడిన ఉపమానము రైతునకు సుపరిచితము. దైవము విత్తనము, పురుషప్రయత్నము క్షేత్రము. యోగవాసిష్ఠము ఇంకను ముందుకు పోయి, దైవమని పిలువబడునది పూర్వపు పౌరుషమే యని తేల్చినది. ఈ దృష్టితో చూచినచో భూకంపము విత్తనము. ఇల్లు ఎట్టి నేలపై, ఎట్టి గోడలతో కట్టబడినదనునది క్షేత్రము. 1934 తరువాత భారత భూవిజ్ఞాన సర్వే శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతమంతయు తిరిగి, ఎచ్చటి నేల మెత్తబడెనో, ఎచ్చట గట్టిగా నిలిచెనో పటములు గీచి 1939లో గ్రంథముగా ప్రకటించిరి. ఆ దినము నుండి ఆ నేలను గూర్చి తెలియదనుటకు వీలులేదు.

తెలియుట వేరు, తెలిసిన దానిని చూచుచుండుట వేరు. దీనికి గఢ్వాల్ కొండలలోని రేణీ గ్రామము సాక్షి. 1970 జూలైలో అలకనంద ఉప్పొంగి లోయను ముంచినపుడు ఆ ప్రాంతపు జనులు ఒక విషయమును కనిపెట్టిరి. అడవి నరికిన వాలులపైననే చరియలు ఎక్కువగా జారినవి. అది ఏ విశ్వవిద్యాలయమున పుట్టిన సిద్ధాంతమును కాదు. గడ్డి కోసి, కట్టె మోసి, నీరు తెచ్చు స్త్రీల అనుభవము. 1974 మార్చి 26న గ్రామమున పురుషులు లేని సమయమున చెట్లు నరుకువారు రాగా, గౌరాదేవి అను వితంతువు గ్రామస్త్రీలను వెంటబెట్టుకొని పోయి, అడవి తమకు పుట్టిల్లని చెప్పి అడ్డునిలిచినది. పిదప ప్రభుత్వము శాస్త్రజ్ఞుల సంఘమును నియమించినది. ఆ సంఘము చెప్పినదియు ఆ స్త్రీలు చెప్పినదే. వేయి చదరపు కిలోమీటర్లకు మించిన పరీవాహకప్రాంతమున చెట్లు నరుకుట నిషేధింపబడినది. అనుభవజ్ఞానమును శాస్త్రజ్ఞానమును ఒక్కచోట కలసి, ఆచరణగా మారిన అరుదైన సందర్భమది.

నలువది యేడేండ్ల పిదప, 2021 ఫిబ్రవరి 7వ తేదీ ఉదయమున, అదే రేణీ గ్రామమునకు ఎగువన రోంతీ శిఖరము నుండి సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనమీటర్ల రాయియు మంచును విరిగి లోయలో పడినది. పడిన వేగమునకు పుట్టిన వేడిమికి మంచు కరగి, రాయి పిండియై, బురదప్రవాహముగా మారి, నదిపై నున్న రెండు జలవిద్యుత్కేంద్రములను చెరపివైచినది. రెండు వందలకు పైగా జనులు మరణించిరి, లేదా కానరాకపోయిరి. వారిలో అనేకులు పొరుగు రాష్ట్రముల నుండి పొట్టకూటికై వచ్చిన కార్మికులు. ఆ శిఖరము విరుగుట మనుష్యుని తప్పిదమని ఎవరును రుజువు చేయలేదు. కాని పిమ్మట శాస్త్రజ్ఞులు పాత ఉపగ్రహచిత్రములను వెనుకకు తిరుగవేసి చూడగా, ఆ బండ 2016 నుండియే కొద్దికొద్దిగా కదలుచుండినట్లు కనబడినది. చిత్రములు ఉండినవి. వానిని ఆ దృష్టితో చూచినవారు లేరు. ఆ సంవత్సరము జూన్ నెలలో వర్షములకు రేణీ గ్రామపు నేలయే క్రుంగసాగగా, అచ్చట ప్రతిష్ఠించిన గౌరాదేవి విగ్రహమును కూడ తొలగింపవలసివచ్చెను.

ఎవరును చూడకపోవుట ఉపేక్ష. దానికి క్షమాపణమైన కలదు, ఏలనన హిమాలయమున కదలని కొండ యేది? చూచి, తెలిసికొని, వ్రాసి, పెట్టెలో పెట్టుట వేరొక విషయము. దీనికి రేణీకి కొలదిదూరమున నున్న జోషీమఠమే నిదర్శనము. శంకరభగవత్పాదులు స్థాపించిన జ్యోతిర్మఠము అదియే యని సంప్రదాయము. శీతకాలమున బదరీనాథుని గద్దె అచ్చటికే దిగివచ్చును. అచ్చటి నృసింహమూర్తి చేయి నానాటికి సన్నగిల్లుచున్నదనియు, అది విరిగిన నాడు బదరీమార్గమున నున్న రెండు కొండలు ఒక్కటై దారి మూసికొనిపోవుననియు కొండప్రజలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. పట్టణవాసులు దీనిని విని నవ్వవచ్చును. ఆ కొండలు శాశ్వతములు కావని, వానిపై బ్రదుకు ఒక సన్నని మణికట్టుపై ఆధారపడినదని ఆ కథను కట్టినవారికి తెలియును. ఆ ఎరుక మాత్రము నవ్వదగినది కాదు.

ఆ పట్టణము గట్టిశిలపై కట్టినది కాదు. పూర్వమెన్నడో విరిగిపడిన పెద్ద కొండచరియ యొక్క ఇసుకరాళ్ల కుప్పపై నిలిచియున్నది. ఇండ్లు బీటలు వారుచున్నవని 1976లో గఢ్వాల్ కమిషనరు మిశ్రాగారి అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడగా, ఆ సంఘము ఈ సంగతినే స్పష్టముగా వ్రాసినది. బరువైన కట్టడములు వలదు, వాలులపై పెద్దబండలను త్రవ్వియు పేల్చియు తీయవలదు, చెట్లు నాటుడు, మురుగునీరు నేలలోనికి ఇంకకుండ కాలువలు కట్టుడు. ఇంతకంటె సులభమైన ఉపదేశము ఉండబోదు. ఆ తరువాత నలువది యారేండ్లలో యాత్రికులు పెరిగిరి, వసతిగృహములు అంతస్తుపై అంతస్తుగా లేచినవి, రహదారులు వెడల్పైనవి, సమీపమున కొండను తొలిచి సొరంగములు త్రవ్విరి. కాలువలు మాత్రము సరిగా లేవలేదు. 2023 జనవరి మొదటి వారమున పట్టణమంతట గోడలు పగిలినవి. 860కి పైగా కట్టడములలో బీటలు లెక్కించిరి. వందలాది కుటుంబములు చలిలో ఇండ్లు విడిచిపోయినవి.

ఈ సందర్భముననే నైతికప్రశ్న తన అసలు రూపమున ప్రత్యక్షమైనది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము ఉపగ్రహచిత్రముల నాధారముగా చేసికొని, 2022 డిసెంబరు 27 మొదలు 2023 జనవరి 8 వరకు గల పండ్రెండు దినములలో జోషీమఠపు నడిబొడ్డున నేల 5.4 సెంటీమీటర్లు క్రుంగినదని ఒక నివేదికను ప్రకటించినది. అంతకుముందు ఏడు నెలలలో క్రుంగినది సుమారు 9 సెంటీమీటర్లు మాత్రమే. నివేదిక వెలువడిన కొద్ది దినములలోనే అది తొలగింపబడినది. అనుమతి లేనిదే పత్రికలతో మాటలాడరాదని, సమాచారము వెల్లడింపరాదని శాస్త్రసంస్థలకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సూచించినది. పలువురు పలువిధముల వ్యాఖ్యానించుట వలన బాధితులలోను, దేశప్రజలలోను కలవరము కలుగుచున్నదని చెప్పిన కారణము.

ఆ కారణమును తేలికగా కొట్టివేయరాదు. భగవద్గీత పదునేడవ అధ్యాయమున వాక్కునకు సంబంధించిన తపస్సును చెప్పునపుడు మొట్టమొదట పేర్కొన్న లక్షణము అనుద్వేగకరత్వము. వినువాని మనస్సును కలచివేయని మాటయే తపస్సు. కావున, బీటవారిన యింటిలో కూర్చున్న తల్లికి సెంటీమీటర్ల లెక్క వినిపించి ఆమెను మరింత భయపెట్టుట ధర్మమా యని అధికారి అడిగినచో, ఆ ప్రశ్నకు శాస్త్రప్రమాణము లేకపోలేదు. పాలించువాడు దయతోనే ఈ మాట అనవచ్చును. అనునని నమ్ముట మంచిది కూడ.

ఐనను ఆ లక్షణము ఒంటిగా చెప్పబడలేదు. దాని వెంటనే సత్యము, ప్రియము, హితము అను మూడును చేర్చబడినవి. నాలుగును కలసినపుడే అది తపస్సు. నాలుగింటిని ఒక్క మాటలో పొందుపరచుట కష్టము గనుకనే దానికి తపస్సని పేరు వచ్చినది. సులభమైనచో ఎవరును దానిని తపస్సనరు. సత్యమును విడిచి ఉద్వేగమును మాన్పువాడు మూడింటిని విడిచి ఒక్కదానిని పట్టుకొన్నవాడు. వైద్యుడు రోగికి జబ్బును తెలుపు సమయమును, స్వరమును ఎన్నుకొనవచ్చును గాని, రోగికి తెలియకుండ జబ్బును ఎన్నుకొనలేడు. పైగా జోషీమఠమున ఉద్వేగము కలిగించినది నివేదిక కాదు, గోడ. తన గోడలోని బీటను అరచేతితో కొలిచి చూచుకొన్నవానికి ఢిల్లీ నుండియో హైదరాబాదు నుండియో వచ్చిన లెక్క క్రొత్త భయమును తేదు. తన భయము వెర్రి కాదను ధైర్యమును తెచ్చును. తెలియక కలుగు కలవరము కంటె తెలిసి కలుగు కలవరము మేలు, ఏలనన రెండవదానికి చేయదగిన పని యొకటి కనబడును. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానము ప్రశ్నించిన పిమ్మట వివిధ శాస్త్రసంస్థల నివేదికలు బయటపడినవి. అప్పటికి ఎనిమిది నెలలు గడచినవి.

కురుక్షేత్రమున దూరదృష్టి గలవాడు సంజయుడొక్కడే. అతడు చూచిన దానిలో లోపము లేదు, చెప్పిన దానిలో దాపరికము లేదు. అతనికి ముందుగా విదురుడు కూడ చెప్పవలసినదంతయు చెప్పియుండెను. ఆ దృష్టియంతయు ఒక్క శ్రోతకు మాత్రమే చేరినది. ఆ శ్రోతకు కన్నులు లేకపోవుట పెద్ద లోపము కాదు, పుత్రస్నేహము పెద్ద లోపము. హస్తినాపురవీథులలో సంజయుని మాట అందరును వినియుండినచో ఏమగునో ఇతిహాసము చెప్పలేదు. నైసార్ సమాచారము అందరిదని ప్రకటించుటలో గల గొప్పతనము ఆ యంత్రపు పండ్రెండు మీటర్ల యాంటెన్నాలో గల గొప్పతనము కంటె తక్కువది కాదు. ఐనను ఆ సమాచారము అంకెల రూపమున, ఆంగ్లభాషలో, గణకయంత్రములలో నిలిచియుండును. చమోలీ జిల్లాలో గొఱ్ఱెలు మేపుకొనువానికి అది తెరచియున్నదని చెప్పుట, సముద్రము అందరిదని దప్పిగొన్నవానికి చెప్పుట వంటిదే. గఢ్వాలీలో చెప్పగలవాడు, చెప్పి అచ్చటనే యుండువాడు ఒకడు కావలెను.

దోషమంతయు ప్రభుత్వముల మీదికి నెట్టుట సులభము; అంత సులభమైన దానిని కొంత అనుమానింపవలెను. జోషీమఠమున లేచిన వసతిగృహములు ఎవరి కొరకు? బదరీకేదారములకు పూర్వము వారముల తరబడి నడచి పోవుచుండిరి. పోవువాడు ఆస్తికి ఏర్పాటు చేసి, బంధువుల వద్ద సెలవు తీసికొని బయలుదేరెడివాడు. నేడు ఆంధ్ర తెలంగాణముల నుండి విమానమున ఢిల్లీకి, అచ్చటి నుండి కారులో కొండపైకి నాలుగు దినములలో పోయి రావలెనను భక్తుని కోరికకు కూడ కొండ త్రవ్వకములో భాగము కలదు. 2016లో ప్రారంభమైన సుమారు 890 కిలోమీటర్ల చార్‌ధామ్ రహదారి పథకమును గూర్చి సుప్రీంకోర్టు వరకు వివాదము నడచినది. సరిహద్దు రక్షణకు వెడల్పాటి దారి అవసరమని 2021 డిసెంబరులో న్యాయస్థానము అంగీకరించినది. ఆ దారి కొండప్రజలకును అవసరమే. పురిటినొప్పులు పడు స్త్రీని ఆసుపత్రికి చేర్చునది అదియే. దారి వలదని మైదానమున కూర్చుండి చెప్పువాడు తన యింటి ముందరి దారిని మరచినవాడు. అడుగవలసినది దారి కావలెనా యని కాదు. ఏ వాలు ఎంత కోతను భరించునో తెలిసికొని త్రవ్వితిరా యని. క్షేత్రమునకు పోయి దేవతను దర్శించువాడు, ఆ దేవతకు పీఠమైయున్న కొండకు తన రాకవలన ఎంత బరువు పడుచున్నదో తెలిసికొనుట పూజకు వెలుపలి విషయమా?

శాస్త్రమునకు తెలియనిది ఎంతయో కలదు. భూకంపము ఏ దినమున వచ్చునో ఎవరును చెప్పలేరు. చరియ కదలుచున్నదని చెప్పగలరు గాని, అది రేపు పడునో పదేండ్లకు పడునో చాలమారులు చెప్పలేరు. హెచ్చరించి, జనులను లేపి పంపి, ఏమియు జరుగనిచో నింద తప్పదు. హెచ్చరింపక, జరిగినచో నిందతో పోదు. అందుచేత భయపడి మిన్నకుండుట మానవస్వభావము. ఫలము తన చేతిలో లేదని యెరిగి, నింద వచ్చినను చెప్పవలసిన దానిని చెప్పుట నిష్కామకర్మకు ఆధునికకాలమున దొరికిన మంచి ఉదాహరణములలో ఒకటి. తెలుగు తీరమున ఈ పాఠము పెద్ద మూల్యమిచ్చి నేర్చినది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల ప్రాణములు, బహుశః అంతకు మించి, పోయినవి. 1990 మేలో దాదాపు అంతటి తుఫానే వచ్చినపుడు లక్షన్నరకు పైగా జనులను ముందుగా లేపి పంపగా, పోయిన ప్రాణములు వేయికి లోపు. వేయి యనునది చిన్నసంఖ్య కాదు. ఐనను ఆ రెండు సంఖ్యల నడుమ నున్నవారు ఎక్కడనో జీవించి, పిల్లలను కని, వరి నాటుచు ఉండిరి.

హిమాలయమునను ఇట్టి పని ఒకప్పుడు జరిగినది. ఉపగ్రహములు లేని కాలముననే జరిగినది. 1893 సెప్టెంబరులో గఢ్వాల్‌లోని గోహ్నా గ్రామమువద్ద ఒక కొండ విరిగి బిరహీగంగకు అడ్డముగా పడినది. సుమారు 900 అడుగుల ఎత్తున సహజమైన ఆనకట్ట ఏర్పడి, దాని వెనుక నీరు చేరసాగినది. పల్ఫర్డ్ అను ఇంజనీరు వచ్చి, లోయ యొక్క వైశాల్యమును, వర్షమును, నీటి పెరుగుదలను లెక్కించి, మరుసటి ఆగస్టు నడుమ నీరు కట్టపై పొర్లునని చెప్పెను. భూవిజ్ఞాన సర్వేకు చెందిన హాలండ్ కూడ వచ్చి పరిశీలించెను. ఆ లెక్కను నమ్మి అధికారులు సరస్సు నుండి హరిద్వారము వరకు తంతితీగ వేయించిరి. ఎంత ఎత్తు వరకు నీరు వచ్చునో చూపుటకై లోయ పొడవునను గురుతులు పాతించిరి. వంతెనలు విప్పి తీయించిరి. ఆ వేసవిలో యాత్రికులను వేరు దారిని మళ్లించిరి. ఏడాది పాటు ఏమియు జరుగలేదు. వేళాకోళము చేసినవారును ఉండియుందురు. 1894 ఆగస్టు 25వ తేదీ రాత్రి, లెక్కకు కొద్ది దినములు మాత్రమే ఆలస్యముగా, ఆనకట్ట పైభాగము తెగినది. తంతి ముందుగా పరుగెత్తినది. గఢ్వాల్ రాజుల పూర్వపు రాజధాని శ్రీనగరము తన మేడలతోను, వీథులతోను గంగలో కలిసిపోయినది. అచ్చటి జనులు ఎగువ మెరకపై నిలిచి ఆ శబ్దమును వినిరి. తరువాత క్రొత్త శ్రీనగరమును మరింత ఎత్తైన మిట్టపై, తిన్నని వీథులతో కట్టిరి. అది నేటికిని ఉన్నది.

ఆ వరదలో మరణించినవారు ఐదుగురు. ఒక ఫకీరును, అతని కుటుంబమును. వారిని ముందుగా బలవంతముననే ఎత్తైన చోటికి తరలించియుండిరి. ఎవరికి చెప్పకయే తిరిగివచ్చి తమ చోట కూర్చుండిరి. వారిని మరల కనిపెట్టి, మరల ఎత్తుకొనిపోవుట ఎవరి ధర్మమై యుండెనో, దానికి హద్దు ఎచ్చట నుండెనో, ఆ రాత్రి కాపలాయున్నవారు తమలో తాము చర్చించుకొనియే యుందురు.